చేతిపని చదువుకి కూలిరోజుల లెక్క

మంగళగిరి బస్టాండులో పొద్దున ఏడింటికి నిలబడితే రెండు రకాల ప్రయాణాలు కనిపిస్తయ్. బెజవాడ వైపో గుంటూరు వైపో బస్సు కోసం చూసే యూనిఫాం పిల్లలు ఒక గుంపు. పక్క పల్లెల నుంచి ఆటోల్లో, ట్రాక్టర్లలో కిక్కిరిసి చేలకి పొయ్యే కూలీలు ఇంకో గుంపు. సంక్రాంతి దాటి మిరపకోతలు ముమ్మరమయ్యేసరికి మొదటి గుంపులోంచి కొందరు రెండో గుంపులోకి మారతారు. అది ఎవరూ పెద్దగా పట్టించుకోరు. రిజిస్టర్లో మాత్రం ఒక గీత పడుతుంది. నివేదికలు రాసేవాళ్లు దాన్ని 'డ్రాపవుట్' అంటారు. మానేశాడు అనటంలో వాడే మానేశాడన్న అర్థం ఉంది. నాకు ఆ మాట మీదే పేచీ.

చేతిపని చదువులకి, అంటే ఐటిఐ, పాలిటెక్నిక్, అప్రెంటిస్ శిక్షణలకి, దళితులకి అందిన ఆర్థిక సహాయం గురించి మనకి దొరికే చరిత్రంతా రూపాయల్లో ఉంటుంది. ఫలానా సంవత్సరం ఇన్ని లక్షలు, ఫలానా ప్రణాళికలో ఇన్ని కోట్లు. మా అమ్మ డబ్బుని అట్లా లెక్కబెట్టదు. మా అన్న ఐటిఐలో ఫిట్టరు ట్రేడులో చేరినప్పుడు బూట్లకి ఇన్ని కోతలు, గుడ్డలకి ఇన్ని కోతలు, బస్సు పాసుకి ఇన్ని కోతలు అని వేళ్ల మీద లెక్క చెప్పేది. కోత అంటే మిరపచేలో వొంగి పనిచేసిన ఒక రోజు. అన్న స్కాలర్‌షిప్పు కోర్సు అయిపోయినాక వచ్చింది. ఆ డబ్బు వడ్డీకి తెచ్చినచోటికే పోయింది. ఈ వ్యాసంలో నేను చేసిందల్లా మా అమ్మ కొలబద్దని ప్రభుత్వ కాగితాల మీద పెట్టి చూడటం.

మంగళగిరి అనగానే పానకాల నరసింహస్వామి, ఆ వెంటనే నేత చీర గుర్తొస్తయ్. ఈ ఊళ్లో పద్మశాలీల ఇంట్లో పిల్లవాడు ముందు కండెలు చుడతాడు, తర్వాత గుంటమగ్గంలో కూర్చుంటాడు. అప్లికేషన్ లేదు, ఆదాయ ధ్రువీకరణ పత్రం లేదు, ఇన్‌స్పెక్షన్ లేదు. కులమే వాళ్ల శిక్షణాలయం. నేతగాడి బతుకు పచ్చగా ఉందని నేననటం లేదు. షావుకారు చేతుల్లో ఆ బతుకులు ఏమయినయ్యో మనకి తెలుసు. కాని పని నేర్చుకునే కాలంలో అన్నం ఎవరు పెడతారన్న ప్రశ్నకి ఆ ఇంట్లో ఒక జవాబు ఉంది.

మన ఇళ్లల్లోనూ ఒకప్పుడు పనులున్నయ్. థర్‌స్టన్ 1909లో అచ్చువేసిన దక్షిణాది కులాల సంపుటాల్లో మాలలు ముతకగుడ్డ నేసేవాళ్లని రాశాడు. మిల్లుగుడ్డ వచ్చి ఆ మగ్గాన్ని మింగింది. మాదిగల తోలుపని రైతు వ్యవసాయానికి ఆయువుపట్టు. మోట బాన కుట్టందే బావిలో నీళ్లు పైకి రావు. మోటారు పంపు వచ్చినాక బాన పోయింది. అప్పటిదాకా ఆ పనిని నైపుణ్యం అని ఎవ్వరూ అనలేదు, మైల అన్నారు. 1948లో మద్రాసులో కేంద్ర తోలు పరిశోధన సంస్థ వచ్చింది. అదే తోలు ప్రయోగశాలలోకి చేరేసరికి శాస్త్రమైంది, సీటయింది, సర్టిఫికెట్టయింది. ఆరె పట్టిన చేతికి ఆ గేటు దగ్గర పనికొచ్చే కాగితం ఏదీ లేదు. చేతిపని చదువుకి సహాయం అనే సమస్య ఇక్కడ మొదలయింది. పనిని కులం నుంచి విడదీసి బడిలో పెట్టినప్పుడు, బడిదాకా నడిచి వెళ్లే ఖర్చు ఎవరిది?

దీనికి మన జిల్లాల్లో మొదటి జవాబు మిషన్ల నుంచి వచ్చింది. 1842లో హేయర్ గుంటూరు వచ్చి లూథరన్ మిషన్ మొదలుపెట్టాడు. 1866లో క్లౌ ఒంగోల్లో బాప్టిస్టు మిషన్ నిలబెట్టాడు. 1876–78 కరువులో క్లౌ చేసిన పని ఒకటి చెప్పుకోవాలి. ఆయన బకింగ్‌హాం కాలవలో మూడు మైళ్లకి పైగా తవ్వకం కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్న మాదిగలకి కూలి ఇప్పించాడు. పని మీద అజమాయిషీకి తన బోధకుల్నే పెట్టాడు. 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారని మిషన్ చరిత్రలన్నీ గొప్పగా రాస్తయ్. నాకు మాత్రం అంతకుముందు జరిగిన కాలవ తవ్వకం ముఖ్యం. కూలి లేనివాడికి సువార్త గాని చదువు గాని ఎక్కదని క్లౌకి తెలుసు.

మిషన్ల బోర్డింగు అంటే చదువు, అన్నం రెండూ. అందువల్లే మన పల్లెల్లో మొదటి 'వృత్తి విద్య' వడ్రంగమో కమ్మరమో కాదు, పంతులుగిరీ. ట్రైనింగు స్కూల్లో చేరితే తిండి ఉంది, బయటికొస్తే చిన్నదో పెద్దదో ఉద్యోగం ఉంది. జాషువా గుంటూరులో లూథరన్ వాళ్ల ఉపాధ్యాయ శిక్షణాలయంలో పదేళ్లపాటు పాఠాలు చెప్పాడు. ఆడవాళ్లకి ఆ దారి నర్సు శిక్షణ. అన్నా కుగ్లర్ 1898లో గుంటూరులో ఆస్పత్రి తెరిచింది. నర్సమ్మ, పంతులమ్మ అనే రెండు మాటలు మన ఇళ్లల్లోకి ఈ దారినే వచ్చినయ్. మిషన్ల ఉద్దేశాల మీద మనకెన్ని విమర్శలున్నా, నేర్చుకునేవాడికి అన్నం ఖర్చు కూడా చదువు ఖర్చేనన్న లెక్క వాళ్లు తప్పలేదు.

తర్వాత దీనికి ఒక మూల్యం కట్టాల్సివచ్చింది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు హిందువు కానివాణ్ణి షెడ్యూల్డు కులాల జాబితాలోంచి తీసేసింది. సిక్కులకి 1956లో, బౌద్ధులకి 1990లో తలుపు తెరిచారు, క్రైస్తవుడికి తెరవలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 1977 నాటి జీవో 341 మతం మారిన దళితులకి రాష్ట్రం తన ఇష్టప్రకారం ఇచ్చే కొన్ని రాయితీలు వర్తింపజేసింది, కాని రాజ్యాంగం ఇచ్చేవాటిని అది ఇవ్వలేదు, ఇవ్వలేదు కూడా. వాళ్లు బి.సి. 'సి' గ్రూపు అయ్యారు. అందుకే గుంటూరు, ప్రకాశం పల్లెల్లో ఒకే ఇంట్లో చర్చిలో ఒక పేరు, స్కూలు రిజిస్టర్లో ఇంకో పేరు ఉంటయ్. బయటివాళ్లు దీన్ని మోసం అంటారు. దరఖాస్తు ఫారం ముందు కూర్చున్నవాడికి అది ఏ పేరుతో ఫీజు కట్టాలన్న సమస్య.

ప్రభుత్వం చాలా ఆలస్యంగా వచ్చింది. మంగళగిరికి కూతవేటు దూరంలో, 1917 నవంబరులో బెజవాడలో భాగ్యరెడ్డివర్మ అధ్యక్షతన సభ జరిగింది. పంచములమన్న పేరు వదిలేసి ఆది ఆంధ్రులం అని చెప్పుకున్నది అక్కడే. ఆ తర్వాత 1920 ప్రాంతంలో మద్రాసు ప్రభుత్వం లేబరు కమిషనర్ని పెట్టి అణగారిన కులాల బాగోగులు అప్పజెప్పింది. బళ్లు, హాస్టళ్లు, ఫీజు మాఫీలు, స్కాలర్‌షిప్పులు, ఇళ్లస్థలాలు, బావులు అన్నీ ఆ శాఖ కిందే. ఆ శాఖ పేరు గమనించండి. మన చదువు విద్యాశాఖ కింద కాకుండా లేబరు కింద పెట్టారు. కూలివాడి సంగతి లేబరుకి పోవాలన్నది వాళ్ల తర్కం. తర్కం అవమానకరమే గాని, అందులో ఒక నిజం దొర్లింది. ఆ నిజాన్ని ఆ శాఖ వాడుకోలేదు.

వాడుకున్నవాడు అంబేద్కర్. 1942 జూలైలో వైస్రాయి కౌన్సిల్లో లేబర్ మెంబరయ్యాడు. అదే ఏడు అక్టోబరులో షెడ్యూల్డు కులాల ఇబ్బందుల మీద లిన్‌లిత్‌గోకి ఒక వినతిపత్రం ఇచ్చాడు. మనవాళ్లు అందులో విదేశీ చదువుల స్కాలర్‌షిప్పుల సంగతే ఎక్కువ చెప్పుకుంటారు. అందులో సాంకేతిక శిక్షణ గురించి ఒక భాగం ఉంది. దాని వాదన చాలా సూటిగా ఉంటుంది. ఆర్ట్సు, లా చదువులు మనవాళ్లని ఎంతో దూరం తీసుకుపోవు. సైన్సు, టెక్నాలజీ చదువుల ఖర్చు మనవాళ్లు మోయలేరు. కేంద్రప్రభుత్వం చేతిలో అచ్చాఫీసులున్నయ్, రైల్వే వర్క్‌షాపులున్నయ్. వాటిల్లో మన పిల్లల్ని అప్రెంటిసులుగా తీసుకోవాలి.

ఇక్కడ కాస్త ఆగాలి. అంబేద్కర్ అడిగినవి రెండు వేరువేరు వస్తువులు. స్కాలర్‌షిప్పు అంటే చదువుకునేవాడికి ప్రభుత్వం ఇచ్చే డబ్బు. వర్క్‌షాపులో అప్రెంటిస్ చోటు అంటే ప్రభుత్వ ఆస్తిలో వాటా. పనిచేస్తూ నేర్చుకోవచ్చు, నేర్చుకుంటూ తినొచ్చు. మొదటిది దొరికింది. 1944 నుంచి ఏటా మూడు లక్షల రూపాయల చొప్పున అయిదేళ్లకి మంజూరయింది. ఈనాటి పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్పుకి మొదలు అదే. 1948–49లో ఆదివాసులకి, 1949–50లో ఇతర వెనకబడిన తరగతులకి విస్తరించింది. 1959–60లో నిర్వహణ రాష్ట్రాల చేతికొచ్చింది. రెండోది, వర్క్‌షాపులో వాటా, చట్టంలోకి రావటానికి ముప్ఫయి ఏళ్లు పట్టింది. 1961 అప్రెంటిస్ చట్టంలో అది లేదు. 1973 సవరణలో షెడ్యూల్డు కులాలకి, తెగలకి శిక్షణ స్థానాల రిజర్వేషను చేరింది. బెజవాడ పక్కన రాయనపాడు వ్యాగన్ వర్క్‌షాపు గేటు ముందు నుంచి వెళ్లినప్పుడల్లా నాకు ఆ 1942 కాగితం గుర్తొస్తుంది.

యుద్ధకాలంలో 1940 నుంచి ఒక సాంకేతిక శిక్షణ పథకం నడిచింది. మర ఫిరంగుల కోసం మనుషులు కావాల్సివచ్చినప్పుడు స్టైపెండు ఇచ్చి నేర్పటానికి సర్కారుకి ఏ అడ్డమూ కనిపించలేదు. ఆ పునాది మీదే 1950లో క్రాఫ్ట్స్‌మెన్ శిక్షణ పథకం, దాంతో ఐటిఐలు వచ్చినయ్. 1956 నవంబరు 1న వాటి పాలన రాష్ట్రాలకి అప్పగించారు. ఆంధ్రప్రదేశ్ పుట్టిన రోజు కూడా అదే. 1964–66లో మన దామోదరం సంజీవయ్య కేంద్ర కార్మిక మంత్రిగా ఉన్నాడు. ఐటిఐలూ అప్రెంటిస్‌షిప్పులూ ఆ శాఖ కిందివే. 2015లో వాటిని కార్మికశాఖ నుంచి తీసేసి నైపుణ్యాల శాఖ కిందికి మార్చారు. 'శ్రమ' పోయి 'స్కిల్' వచ్చింది. ఇది పేరు మార్పు మాత్రమే అనుకోవటానికి లేదు. అప్రెంటిస్ చట్టంలోని 18వ సెక్షన్ ప్రకారం అప్రెంటిస్ శిక్షణార్థి మాత్రమే, కార్మికుడు కాడు. 2014 నిబంధనల్లో అప్రెంటిస్ స్టైపెండుని రాష్ట్రంలోని కనీస వేతనంలో 70, 80, 90 శాతంగా మూడేళ్లకి కట్టారు. చేతిపని నేర్చుకునేవాడి డబ్బుకి, కూలికి మధ్య చట్టం ఒక ముడి వేసింది. 2019లో ఆ ముడి తెంపి స్థిర మొత్తాలు పెట్టారు. ఎవరూ గోల చెయ్యలేదు. మనమూ చెయ్యలేదు.

ఇక అసలు లెక్క. మిరపకోత కూలి ఊరునిబట్టి, కాయనిబట్టి, రోజునిబట్టి మారుతుంది కాబట్టి, ప్రభుత్వమే ప్రకటించిన ఉపాధి హామీ కూలిని కొలబద్దగా తీసుకున్నాను. 2010లో కేంద్రం పోస్ట్‌మెట్రిక్ రేట్లు సవరించింది. కోర్సుల్ని నాలుగు గ్రూపులు చేసింది. మెడిసిన్, ఇంజనీరింగ్ డిగ్రీలు మొదటి గ్రూపు. ఇంటర్మీడియట్, ఐటిఐ, మూడేళ్ల పాలిటెక్నిక్ డిప్లొమా నాలుగో గ్రూపు, అంటే అట్టడుగుది. ఫీజు సంగతి వేరు, నేను చెప్పేది బతుకు ఖర్చుకిచ్చే భృతి. మొదటి గ్రూపులో హాస్టల్లో ఉండే పిల్లవాడికి నెలకి 1,200. నాలుగో గ్రూపులో ఇంటినుంచి వచ్చేవాడికి నెలకి 230, పది నెలలకి 2,300. 2011లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి 121 రూపాయలు. 2,300 రూపాయలంటే పందొమ్మిది రోజుల కూలి. ఏడాది చదువుకి పందొమ్మిది కోతలు! అదే లెక్కన మొదటి గ్రూపు హాస్టల్ విద్యార్థికి తొంభై తొమ్మిది.

2021లో మళ్లీ సవరించారు. నాలుగో గ్రూపులో ఇంటినుంచి వచ్చేవాడికి ఏడాదికి 2,500. ఆ ఏడు మన రాష్ట్రంలో ఉపాధి కూలి 245. పది రోజులు. పదేళ్లలో రూపాయలు రెండు వందలు పెరిగినయ్, రోజులు సగానికి పడిపోయినయ్. రూపాయల్లో చూస్తే పెంపుదల, కోతల్లో చూస్తే కోత.

రాష్ట్రం 2020లో మొదలుపెట్టిన వసతి దీవెన దీనికంటే చాలా మెరుగన్నది ఒప్పుకోవాలి. ఐటిఐకి ఏడాదికి 10,000, పాలిటెక్నిక్‌కి 15,000, డిగ్రీకి 20,000, రెండు విడతలుగా తల్లి ఖాతాలో. అప్పటి కూలి 237. ఐటిఐ పిల్లవాడికి నలభై రెండు రోజులు. కాని మెట్లు చూడండి. అక్కడ కూడా ఐటిఐ అడుగుమెట్టే. డిగ్రీవాడికి ఎనభై నాలుగు.

పెద్ద చదువుకి పెద్ద ఖర్చు కదా అని ఒక మిత్రుడు నాతో వాదించాడు. తలకిందులైన వాదన అది. డిగ్రీ కుర్రాడు రెండు పూటలు క్లాసు ఎగ్గొట్టి కోతకి పొయ్యొస్తాడు, పరీక్షలకి నోట్సు చదువుకుంటాడు. ఐటిఐలో పొద్దుటినుంచి సాయంత్రందాకా వర్క్‌షాపు. 80 శాతం హాజరు లేకపోతే పరీక్షకి పంపరు. ఆకురాయి పట్టటం నోట్సులో రాదు. కూలిని పూర్తిగా వదులుకోవాల్సిన చదువు అదే. భృతి తక్కువున్న చదువు కూడా అదే. ఈ మెట్ల వెనక ఏ ఖర్చుల లెక్కా లేదు. తలతో చేసేది పైన, చేత్తో చేసేది కింద అన్న పాత లెక్కే ఉంది. అది ఎక్కడిదో మన పత్రిక పాఠకులకి నేను చెప్పక్కర్లేదు.

ఆ పది రోజుల డబ్బయినా ఎప్పుడు చేరుతుంది? పోస్ట్‌మెట్రిక్ పథకంలో 'కమిటెడ్ లయబిలిటీ' అని ఒక పద్ధతి ఉండేది. ప్రణాళిక చివరి ఏడు ఎంత ఖర్చయిందో అంత భారం తర్వాత రాష్ట్రం మొయ్యాలి. అంతకు మించినదే కేంద్రం ఇస్తుంది. భారమంతా రాష్ట్రాల నెత్తిన పడింది, బకాయిలు పేరుకున్నయ్. 2020 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గం దాన్ని 60:40 వాటాగా మార్చి, అయిదేళ్లకి 59,048 కోట్లు అంది, అందులో తన వంతు 35,534 కోట్లు. ఈ మధ్యకాలంలో బకాయి పడింది రాష్ట్రాలు కాదు, వడ్డీకి తెచ్చిన తల్లులు.

మన ఉద్యమం తప్పు కూడా ఇందులో ఉంది. 1985 జూలైలో కారంచేడు, 1991 ఆగస్టులో చుండూరు మనల్ని రోడ్డుమీదికి తెచ్చినయ్. చుండూరు దళితుల్లో చదువుకున్నవాళ్లు, రైల్వేలో పనిచేసేవాళ్లు ఉన్నారు. భూస్వామి చేలో కూలి మీద పూర్తిగా ఆధారపడని ఆ బతుకు అగ్రకులాల కళ్లల్లో ముల్లయింది. చేతిలో వేరే పని ఉంటే ఏమవుతుందో మనకంటే భూస్వామికే బాగా తెలుసు. 1994లో ప్రకాశం జిల్లా ఈదుముడి నుంచి దండోరా లేచి, వచ్చిన వాటా ఎవరి ఇంటికి పోతోందని అడిగింది. అయినా మనం కొట్లాడింది మెడికల్ సీట్లకి, యూనివర్సిటీ పోస్టులకి, ఉద్యోగాల రోస్టర్లకి. అవి కావలసినవే. నాలుగో గ్రూపు రేట్ల మీద ధర్నా జరిగినట్టు నాకు గుర్తు లేదు. 1979లో వచ్చిన ట్రైసెం శిక్షణలో మన ఆడవాళ్లకి కుట్టుమిషను తప్ప ఇంకేదీ ఎందుకు తట్టలేదో మనం అడగలేదు.

ఈలోగా సహాయం అనే మాటకి అర్థం మారింది. 2015 జూలైలో కేంద్రం నైపుణ్య రుణ పథకం తెచ్చింది. శిక్షణకి 5,000 నుంచి 1,50,000 దాకా బ్యాంకు అప్పు. ఆ ఏడు మన దగ్గర ఉపాధి కూలి 180. లక్షా యాభై వేలంటే 833 రోజులు. ఏడాదికి వంద రోజుల పని పూర్తిగా దొరికినా ఎనిమిదేళ్లు దాటుతుంది, అదీ వడ్డీ లేకుండా. 2024లో పరిమితి ఏడున్నర లక్షలకి పెంచారు.

అదే 2015లో మంగళగిరి పక్కన ఇంకొకటి జరిగింది. కురగల్లు, నిడమర్రు, కృష్ణాయపాలెం, ఎర్రబాలెం, నవులూరు రాజధాని ప్రాంతంలోకి వెళ్లినయ్. జనవరి 1 నాటి భూసమీకరణ నిబంధనల్లో రైతులకి ప్లాట్లతోపాటు కౌలుదార్లకీ వ్యవసాయ కూలీలకీ స్టైపెండుతో నైపుణ్య శిక్షణ అన్నారు. భూమిలేని కూలి కుటుంబాలకి పదేళ్లపాటు నెలకి 2,500 పింఛను అన్నారు. ఆనాటి కూలితో చూస్తే నెలకి దాదాపు పద్నాలుగు రోజులు. చేలు పోయినందుకు, కోతలు పోయినందుకు ప్రభుత్వం తానే కట్టిన వెల అది. చాలా తక్కువని కూలి సంఘాలు అప్పుడూ అన్నయ్, ఇప్పుడూ అంటున్నయ్. ఆ ఇంటి పిల్లవాడే రేపు బస్సెక్కి ఎలక్ట్రీషియన్ పని నేర్చుకోవటానికి వెళ్తే, 2021 రేట్ల ప్రకారం కేంద్రం భృతి కూడా 2,500. పింఛను నెలకి, భృతి ఏడాదికి.